బదరీ తప్తకుండంలో మునిగితే మోకాళ్ళ నొప్పులు పోతాయా?

తిరుపతి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అమ్మకు 63 ఏళ్ళు. రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పారు, బీపీకి, షుగరుకు మాత్రలు నడుస్తున్నాయి. మే నెలలో బదరీనాథ్ యాత్ర ఉంది. అక్కడి తప్తకుండంలో పదకొండు మునకలు వేస్తే కీళ్ళనొప్పులు జన్మలో రావని చుట్టాలు చెబుతున్నారు, నిజమేనా? మన చుట్టుపక్కల అలాంటి ఉడుకునీళ్ళ గుండం ఏదైనా ఉందా? నాన్నగారికి సోరియాసిస్, ఆయనకూ పనికొస్తుందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. పదకొండు మునకలకు అరిగిన గుజ్జు తిరిగి రాదు. ఆ పూట నొప్పి తగ్గినట్టు ఉంటుంది, అది అబద్ధం కాదు, కానీ రెండో రోజుకి మళ్ళీ మామూలే. ఉడుకునీళ్ళతో మోకాలికి నిలిచే మేలు కావాలంటే వరసగా రెండు మూడు వారాలు, రోజూ, సరైన వేడిలో, వ్యాయామంతో కలిపి చేయాలి. యాత్రలో చేసేది యాత్రా స్నానం. దాన్ని భక్తిగా, జాగ్రత్తగా చేయించండి. వైద్యం తిరుపతిలో మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎలాగో కింద రాస్తున్నాను. బీపీ, షుగరు రెండూ ఉన్న మనిషికి తప్తకుండంలో అసలు ప్రమాదం ఎక్కడుందో కూడా చెబుతాను, ఎందుకంటే చుట్టాలు చెప్పే కథల్లో ఆ ముక్క ఉండదు.

మన దగ్గర ఉడుకునీళ్ళ ఊట లేదు. కపిలతీర్థం, తలకోన, ఆకాశగంగ, పాపవినాశనం అన్నీ చన్నీళ్ళే. కారణం తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. వాననీరు రాతి పగుళ్ళ గుండా ఒకటి రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మరో పెద్ద పగులు దొరికితే చల్లారేలోపు పైకి తన్నుకొస్తే అది ఉష్ణగుండం. శేషాచలం కొండల్లో పడిన వాన అంత లోతుకు పోదు. తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే వాళ్ళు భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు చూసే ఉంటారు. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి పొరలు. ఆ పై పొరల సందుల్లోకి ఇంకిన నీరు కొద్ది దూరం పోయి పక్కనుంచే బయటికి వచ్చేస్తుంది. కాగే అవకాశమే లేదు.

పలమనేరు, మదనపల్లె వైపు వెయ్యి అడుగుల బోర్లలో నీళ్ళు వెచ్చగా వస్తుంటాయి. దాన్ని చూసి 'మా పొలంలో ఉష్ణగుండం పడింది' అనుకునేవాళ్ళు ఉన్నారు. భూమిలో కిలోమీటరు లోతుకు సుమారు 25 డిగ్రీలు పెరుగుతుందని లెక్క వేసుకున్నా, వెయ్యి అడుగులంటే 300 మీటర్లు, అంటే ఏడెనిమిది డిగ్రీలు. దానికి నీటిలో మునిగి తిరిగే మోటారు వేడి కొంచెం కలుస్తుంది. అంతకు మించి అందులో మహత్యం ఏమీ లేదు. ఫ్లోరైడ్ మాత్రం ఉండొచ్చు, తాగేముందు పరీక్ష చేయించండి.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో ఒకటి కర్ణాటకలో పుత్తూరు దగ్గరి బెంద్రు తీర్థం. ఇది మన కట్టు కట్టే పుత్తూరు కాదండోయ్, దక్షిణ కన్నడ జిల్లా పుత్తూరు. మోకాళ్ళ నొప్పి అనగానే పుత్తూరు అంటే మనవాళ్ళు నగరి రోడ్డు పట్టుకునే ప్రమాదం ఉంది. ఆ నీళ్ళు ఒంటి వేడికి కాస్త అటూ ఇటూగా గోరువెచ్చగా ఉంటాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఉడుకునీళ్ళు ఊరుతాయి, కానీ అది చూసి రావడానికే, స్నాన చికిత్సకు ఏర్పాట్లుండవు. పెద్దవాళ్ళతో నాలుగు రోజులు ఉండి స్నానాలు చేయించాలంటే నా ఓటు ఒడిశాలో తప్తపానికి. బరంపురం నుంచి 50 కిలోమీటర్లు. పూరీ వెళ్ళే రైలు తిరుపతిలో ఎక్కితే బరంపురంలో దిగొచ్చు. అక్కడ ప్రభుత్వ పర్యాటక బసలోకి ఊట నీళ్ళు గొట్టాల్లో తెచ్చి తొట్లలోకి వదులుతారు. గుంపులో తోసుకుంటూ జారుడు మెట్లు దిగే పని ఉండదు. పెద్దవాళ్ళకు ఇదొక్కటే ఎంతో మేలు.

ఇక ఉడుకునీళ్ళు ఒంట్లో చేసే పని. నీటి మహిమలో మూడొంతులు వేడి, తేలుడు, ఒత్తిడి. ఖనిజాలది మిగిలిన కొసరు. 70 కిలోల మనిషి నడుముదాకా నీటిలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సుమారు 35 కిలోలు. రొమ్ముదాకా దిగితే 20, మెడదాకా దిగితే ఏడెనిమిది. గట్టు మీద పది అడుగులు వేయలేని మోకాలు నీళ్ళలో పదిహేను నిమిషాలు నడవగలిగేది అందుకే. రెండోది నీటి ఒత్తిడి. కాళ్ళలో నిలిచిన నీరు, రక్తం పైకి నెట్టబడతాయి, వాపు తీస్తుంది. మెడదాకా మునిగినప్పుడు ముప్పావు లీటరుకు దగ్గరగా రక్తం కాళ్ళనుంచి, పొట్టనుంచి ఛాతీలోకి చేరుతుంది. మంచి గుండె దాన్ని తట్టుకుంటుంది. బలహీనమైన గుండెకు అదే ఆయాసం. మూడోది వేడి. బిగుసుకున్న కండ వదులవుతుంది, నొప్పి కబురు మెదడుకు మందంగా అందుతుంది, చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, కళ్ళు తిరిగి పడిపోయేది దీనివల్లే.

దీనికి ఆధారం ఉందా అంటే, ఉంది, హద్దులతో. ఫ్రాన్సులో మోకాళ్ళ అరుగుదల ఉన్న 450 మందికి పైగా మనుషుల మీద చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. అందరికీ ఇంటి వ్యాయామం నేర్పారు. సగంమందికి అదనంగా ఉష్ణజల కేంద్రంలో 18 రోజుల చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే, స్నానాలు కూడా చేసినవాళ్ళలో సగంమందికి చెప్పుకోదగ్గ మేలు, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలో మూడోవంతుకు కాస్త పైన. అంటే నీళ్ళు పనిచేశాయి, కానీ వ్యాయామం ఒంటరిగా కూడా చాలావరకు పనిచేసింది. అదే రుమటాయిడ్, అంటే వేళ్ళ కణుపులు వాచి పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్ళవాతం విషయానికొస్తే, 2015 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష ఆధారాలు చాలవని తేల్చింది. అమ్మగారిది అరుగుదలే అయితే ఆశ ఉంది. రుమటాయిడ్ అయితే స్నానాలు నమ్ముకుని మాత్రలు ఆపితే కీళ్ళు వంకరపోతాయి.

ఒక మాట సీసాల గురించి. గుండంలోంచి నీళ్ళు పట్టుకొచ్చి ఇక్కడ కాళ్ళకు రాసుకుంటారు. వేడి దారిలోనే పోతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మూత తీసిన కాసేపటికి ఎగిరిపోతుంది. కొన్ని ఊటల్లో రేడాన్ అనే రేడియోధార్మిక పదార్థం ఉందని గొప్పగా చెబుతారు, దాని అర్ధాయువు, అంటే సగానికి తరిగిపోయే కాలం 3.8 రోజులే, పైగా అదీ వాయువే. హరిద్వార్ చేరేసరికి మీ సీసాలో మిగిలేది ఉప్పు నీళ్ళు. తాగడం మాత్రం అసలు వద్దు. చాలా ఉష్ణగుండాల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తీర్థంగా ఒక చుక్క నోట్లో వేసుకుంటే మునిగిపోయేదేమీ లేదు. చెంబుల్లో తాగితేనే ముప్పు.

తప్తకుండంలో అమ్మగారి చేత స్నానం ఎలా చేయించాలి? బదరీనాథ్ ఎత్తు 3,100 మీటర్లు. గాలి పలచన. మే నెలలో కూడా పొద్దున చలి వణికిస్తుంది. కుండంలో నీళ్ళు 45 డిగ్రీలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. చికిత్సకు వాడే నీటి వేడి 36 నుంచి 38. 40 దాటితే పెద్దవాళ్ళకు ప్రమాద ప్రాంతం. 45 లో మెడదాకా మునిగి, ఒంట్లో నాళాలన్నీ విచ్చుకున్నాక, ఒక్కసారి మెట్లెక్కి నిలబడితే రక్తం కాళ్ళలోకి జారిపోతుంది. బీపీ మాత్ర అప్పటికే తన పని చేస్తోంది. మెదడుకు రక్తం అందక కళ్ళు బైర్లు కమ్ముతాయి, కింద తడిసిన రాతి మెట్లు. ప్రమాదం జరిగేది నీళ్ళలో ఉన్నప్పటికంటే లేచే క్షణంలో ఎక్కువ. తుంటి ఎముక విరిగితే మోకాలి నొప్పి గుర్తుకు కూడా రాదు.

కాబట్టి మునకలు వద్దు, పోసుకోవడమే. మధ్య మెట్టు మీద కూర్చోబెట్టండి. ప్లాస్టిక్ మగ్గు మీరే తీసుకెళ్ళండి. ముందు పాదాలు, తర్వాత పిక్కలు, మోకాళ్ళు, నడుము, చివర భుజాలు. ప్రతిచోటా నాలుగైదు మగ్గులు. మొత్తం ఐదు నిమిషాలు చాలు. తల మీద పోసుకోవాలని పట్టుబడితే ముక్కు మూసుకుని, వేరే పాత్రలో చల్లార్చిన నీళ్ళు ఒక్క చెంబు. ముక్కులోకి నీళ్ళు పోకూడదనడానికి కారణం ఉంది. నైగ్లేరియా అనే అమీబా వెచ్చటి నీళ్ళలో, 46 డిగ్రీల దాకా కూడా, హాయిగా బతుకుతుంది. ముక్కు గుండా మెదడుకు చేరితే బతికి బట్టకట్టేవాళ్ళు బహు అరుదు. కేరళ కేసులు పేపర్లలో చదివే ఉంటారు. నోట్లోకి పోతే ఆ జబ్బు రాదు, ముక్కే దాని దారి. అరుదైన జబ్బే, కానీ ముక్కు మూసుకోవడానికి ఖర్చు ఏముంది?

లేచేముందు కాలి మడమలు పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించమనండి, పిక్క కండ రక్తాన్ని పైకి తోస్తుంది. తర్వాత ఒక నిమిషం అలాగే కూర్చుని, మీ చెయ్యి పట్టుకుని లేవాలి. టవలు, ఉన్ని టోపీ, శాలువ ముందే చేతికందేలా పెట్టుకోండి. గోరువెచ్చటి నీళ్ళు ఒక గ్లాసు తాగించండి. ఖాళీ కడుపుతో దర్శనం అంటారు కదా, షుగరు మాత్ర వేసుకున్న మనిషి ఖాళీ కడుపుతో వేడి నీళ్ళలో దిగకూడదు. నాలుగు ఖర్జూరాలో, ఒక బిస్కెట్టు పొట్లమో జేబులో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళైతే ఇంకో జాగ్రత్త. తొడకు సూది వేసుకున్న వెంటనే వేణ్ణీళ్ళ స్నానం చేస్తే మందు మామూలుకంటే వేగంగా రక్తంలో కలిసి చక్కెర ఢామ్మని పడిపోతుంది. రెండు గంటలు ఎడం పెట్టండి.

ఇక యాత్రలో అందరూ మరిచే సంగతి. హరిద్వార్ నుంచి బదరీకి 300 కిలోమీటర్ల పైన బస్సు, కొండదారి, కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చోవడం. దిగాక ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే అది అలసట అనుకుని వేడినీళ్ళు పోయకండి, పిసకకండి. నాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన వాపు అది. రెండు కాళ్ళూ సమంగా ఉబ్బితే చాలావరకు ప్రయాణం వల్లే.

యమునోత్రి కూడా కలిపి వెళుతుంటే, అక్కడి సూర్యకుండంలో గుడ్డలో మూట కట్టి బియ్యం, బంగాళాదుంపలు ఉడికిస్తారు. హిమాచల్ లోని మణికర్ణ్ లోనూ అంతే. ఆ నీళ్ళు స్నానానికి కాదు, పిల్లల చేతులు జాగ్రత్త. చర్మం కాలడానికి పట్టే టైము తెలిస్తే భయం ఉంటుంది: 50 డిగ్రీలకు ఐదు నిమిషాలు, 55 కు అర నిమిషం, 60 కి ఐదు సెకన్లు. ముసలివాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ.

వేడి ఎంతో చూసుకోవడానికి జ్వరం చూసే థర్మామీటరు ముంచకండి, అది 42 దగ్గర ఆగిపోతుంది, పాదరసానిదైతే పగిలే ప్రమాదం కూడా. వంటకు వాడే పుల్లలాంటి డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనిపెట్టుకోండి. అది లేకపోతే మోచెయ్యి మడత ముంచి పది లెక్కపెట్టండి. మంట అనిపించకుండా పది దాటితే ఫర్వాలేదు. ముంచేది మీ మోచెయ్యి, అమ్మగారిది కాదు. షుగరు ఏళ్ళతరబడి ఉన్నవాళ్ళకు వేడి తెలియకపోవచ్చు.

మెట్టెలు, పట్టీలు తీసి దిగమనండి. గంధకం ఉన్న నీళ్ళలో వెండి పది నిమిషాల్లో గోధుమరంగు, ఆపైన నలుపు తిరుగుతుంది. అపశకునం కాదు, వెండి సల్ఫైడ్ అంతే. మరిచిపోయి దిగితే ఇంటికొచ్చాక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండిని దానికి తగిలేలా పెట్టి, వంటసోడా చెంచా వేసి మరిగే నీళ్ళు పోయండి. నలుపంతా ఫాయిల్ కి పట్టుకుంటుంది. రాళ్ళు పొదిగినవాటికి మాత్రం ఈ వైద్యం చేయకండి.

ఇప్పుడు తిరుపతిలో, ఇంట్లో. మొదట అమ్మగారి పాదాలకు స్పర్శ ఉందో లేదో చూడండి. కళ్ళు మూసుకోమని, రెండు పాదాలకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కొద్దు, గిల్లొద్దు. ఆరు తాకుళ్ళలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే. అప్పుడు ఉడుకునీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టడం పూర్తిగా మానేయాలి. కాలినా తెలియదు, బొబ్బ పుండవుతుంది, పుండు మానదు. స్పర్శ బాగున్నా షుగరు ఉన్న కాళ్ళను పది నిమిషాలకు మించి నాననీయకండి. తీసాక వేళ్ళ సందులు పొడిగా తుడవాలి.

అదీగాక బకెట్టుతో ఒక చిక్కుంది. 20 లీటర్ల బకెట్టు ఎత్తు మోకాలిదాకా రాదు! పిక్కలు నానతాయి, నొప్పి ఉన్న మోకాలు బయటే ఆరబడి ఉంటుంది. పిల్లల గాలి తొట్టి కొని అందులో కూర్చోబెడదామంటే, నేలమట్టాన కూర్చున్న మోకాళ్ళ మనిషి మళ్ళీ లేవాలంటే ఇద్దరు పట్టాలి. అందుకని టవలు కాపడమే మేలు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదుట స్టూలు మీద కాలు చాపించండి. మందమైన టర్కీ టవలును 45 డిగ్రీల నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఒకసారి విదిలించి మోకాలి చుట్టూ చుట్టండి. పిండి విదిలించేసరికి అది 40 కి దగ్గరవుతుంది. స్పర్శ తగ్గిన మనిషైతే నీళ్ళే 40 పెట్టండి. పైన ప్లాస్టిక్ కవరు, దాని మీద పొడి టవలు. ఐదు నిమిషాలకొకసారి మార్చి ముంచండి. ఒక్కో మోకాలికి 20 నిమిషాలు. మధ్యలో చర్మం చూస్తూ ఉండండి. లేత ఎరుపు సరే, ఎర్రటి మచ్చలు మచ్చలుగా వస్తే వేడి ఎక్కువైందని.

షుగరు లేనివాళ్ళు బకెట్టులో కాళ్ళు పెట్టుకోవాలంటే లెక్క ఇదీ. గీజరు నీళ్ళు 60, కుళాయి నీళ్ళు 29 అనుకుంటే, 20 లీటర్లు 39 డిగ్రీలకు రావాలంటే ఆరున్నర లీటర్లు వేడివి, పదమూడున్నర చల్లవి. డిసెంబరులో కుళాయి నీళ్ళు 24 అయితే వేడివి ఎనిమిది లీటర్ల పైచిలుకు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నీళ్ళకు గీజరే అక్కర్లేదు, అవి 38 దాటినా ఆశ్చర్యం లేదు. చల్లారుతుంటే ఒక లీటరు మగ్గు గీజరు నీళ్ళు కలిపితే బకెట్టు మొత్తం ఒక డిగ్రీ పెరుగుతుంది. పోసేముందు కాళ్ళు బయటికి తీయాలి. కాళ్ళు ఉండగానే పోస్తే కాగిన నీళ్ళు నేరుగా పాదం మీద పడతాయి. రాడ్ హీటరు వాడే ఇళ్ళలో ప్లగ్గు పీకి, రాడ్డు బయటపెట్టాకే నీళ్ళు ముట్టుకోండి. స్విచ్చి ఆపితే చాలనుకుని చెయ్యిపెట్టి పోయినవాళ్ళున్నారు.

వావిలాకు కాచిన నీళ్ళు మన వైపు బాలింతలకు, కీళ్ళకు పోయడం ఉంది. నిరభ్యంతరంగా కలపండి. ఆయుర్వేదంలో పరిషేకం (పోయడం), అవగాహం (నీటిలో కూర్చోబెట్టడం) అని చెప్పే స్వేదకర్మలు, అంటే చెమట పట్టించే చికిత్సలు ఈ కోవవే, చరకుడు చెప్పిన పదమూడింటిలో ఇవి రెండు. ఎప్సమ్ సాల్ట్ రెండు గుప్పిళ్ళు వేసినా తప్పులేదు, కానీ అది చర్మం గుండా కీలులోకి దిగి పనిచేస్తుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. డబ్బులు మిగిలితే వేయండి.

కాపడం తీసిన పది నిమిషాల్లోపు, కీలు ఇంకా వెచ్చగా ఉండగానే వ్యాయామం చేయించాలి. ఇది మానేస్తే పైన చెప్పిందంతా కాలక్షేపమే. మోకాలి కింద చుట్టిన టవలు పెట్టి, దాన్ని కిందకి నొక్కి ఐదు సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు. మంచం మీద పడుకుని ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా అడుగు ఎత్తు లేపి ఐదు సెకన్లు ఆపడం, పదిసార్లు. తర్వాత గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మొదటి వారం ఐదుసార్లు, వారానికి రెండు చొప్పున పెంచుతూ. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది. ఆ నొప్పి మర్నాటి పొద్దున దాకా ఉంటే సగానికి తగ్గించండి. నాలుగో రోజుకీ ఏడో రోజుకీ మధ్య కొందరికి నొప్పులు ఎక్కువై ఒళ్ళు బడలికగా ఉంటుంది. 'నీళ్ళు పడలేదు' అని అక్కడే ఆపేస్తారు. యూరప్ స్నానకేంద్రాల్లో దీన్ని ముందే చెప్పి హెచ్చరిస్తారు. రెండు రోజులు సగం టైము చేస్తే సర్దుకుంటుంది. జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడెక్కినా అది వేరే సంగతి.

మోకాలు వేడిగా ఉందో లేదో రోజూ కాపడానికి ముందు చూడండి. చేతి వెనక భాగాన్ని రెండు మోకాళ్ళ మీదా మార్చి మార్చి ఆనించండి. ఒకటి తేడాగా వేడిగా, వాచి ఉంటే ఆ రోజు దానికి వేడి పెట్టకూడదు. అప్పుడు చల్లటి గుడ్డే. గుండె బలహీనంగా ఉండి ఆయాసపడేవాళ్ళు, ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, అదుపులో లేని మూర్ఛ, మానని పుండ్లు, జ్వరం ఉన్నవాళ్ళు, మొదటి నెలల గర్భిణులు ఉష్ణగుండం జోలికి పోవద్దు. నొప్పి కోసం చర్మానికి అంటించే మందు పట్టీ ఉంటే, వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. డాక్టరుతో మాట్లాడాకే. కాలిలో రాడ్డు ఉన్నవాళ్ళు, మోకీలు మార్పిడి అయినవాళ్ళు భయపడక్కర్లేదు. గాయం పూర్తిగా మానాక వేణ్ణీళ్ళ వేడి లోహానికి ఏమీ చేయదు. ఫిజియోథెరపీలో కరెంటుతో పెట్టే డయాథర్మీ వేరు, అక్కడ మాత్రం లోహం ఉన్న సంగతి తప్పక చెప్పాలి.

తేలుడు వల్ల వచ్చే మేలు టవలుతో రాదు కాబట్టి, వీలుంటే వారానికి మూడు రోజులు ఈతకొలనులో రొమ్ములోతు నీళ్ళలో నడిపించండి. ఈత రానక్కర్లేదు. తిరుపతిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొలను నీళ్ళు చల్లగా అనిపించవు. పట్టుకోవడానికి గట్టు కమ్మీ ఉండాలి, మెట్లు ఉండాలి. నిచ్చెన మాత్రమే ఉన్న కొలను మోకాళ్ళవాళ్ళకు పనికిరాదు, దిగడం వచ్చినా ఎక్కడం రాదు. ముందుకు ఐదు నిమిషాలు, వెనక్కి మూడు, పక్కకు రెండు, మళ్ళీ ముందుకు ఐదు. యాత్రకు ముందు ఒకసారి తిరుపతిలో టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ లో డాక్టరుకి చూపించి, ఏ స్థాయి అరుగుదలో రాయించుకోండి. కాలు బాగా దొడ్డి తిరిగే దశకు వచ్చి ఉంటే స్నానాలతో కాలం గడపడం అన్యాయం.

నాన్నగారి సోరియాసిస్ సంగతి క్లుప్తంగా. డెడ్ సీకి వెళ్ళినవాళ్ళకు తగ్గిందని వింటుంటాం. అక్కడ నీటిలో మూడోవంతు ఉప్పు, సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన వడకట్టినట్టు పడే ఎండ, నాలుగు వారాల మకాం. మూడూ కలిసి చేసే పని అది. బదరీలో పది నిమిషాల వేడినీళ్ళకు ఆ పోలిక లేదు. పైగా 38 దాటిన నీళ్ళు చర్మంలో ఉన్న నూనెను కడిగేసి దురద పెంచుతాయి. ఆయన స్నానం చేస్తే గోరువెచ్చని నీళ్ళు, సబ్బు లేకుండా, ఐదు నిమిషాలు. ఒళ్ళు అద్దినట్టు తుడిచి, తడి ఆరకముందే, మూడు నిమిషాల్లోపు కొబ్బరినూనో వాజిలీనో దట్టంగా రాయాలి. పొక్కులు పగిలి ఉంటే అందరూ దిగే కుండంలోకి దిగొద్దు. గంధకం నీళ్ళు గజ్జిని పోగొడతాయన్న మాటకు మూలం 5 నుంచి 10 శాతం గంధకం ఉన్న ఆయింట్‌మెంటు. గుండం నీటిలో ఉండేది దానిలో లేశమాత్రం. తిరిగొచ్చేటప్పుడు తామర వెంట తెచ్చుకునేవాళ్ళు ఎక్కువ, అది నీళ్ళ నుంచి కాదు, తడిబట్టలతో గంటలు గంటలు క్యూలో నిలబడటం నుంచి, ఒకే టవలు నలుగురు వాడటం నుంచి. మనిషికొక టవలు, మార్చుకోవడానికి పొడి లోదుస్తులు సంచిలో పైనే పెట్టుకోండి. ప్రోస్టేట్ కు టామ్సులోసిన్ లాంటి మాత్ర వాడుతుంటే, అమ్మగారికి చెప్పిన మెట్టు మీద కూర్చునే పద్ధతి ఆయనకూ వర్తిస్తుంది. ఆ మాత్ర కూడా లేచేటప్పుడు బీపీ పడేస్తుంది.

మీ యాత్రకు ఇంకా ఆరు వారాలు ఉంటే ఈ రోజు నుంచే టవలు కాపడం, వ్యాయామం మొదలుపెట్టండి. బదరీలో బస్సు దిగి గుడిదాకా నడవాల్సిన కాళ్ళు అవే కదా. కొండ మీద చలికి, మెట్లకు అక్కరకొచ్చేది ఇక్కడ తెచ్చుకున్న తొడ కండ బలమే. మొదటి మూడు రోజులు ఏ పూట ఎంతసేపు చేశారో, పొద్దున లేవగానే మోకాలు ఎన్ని నిమిషాలు బిగుసుకుని ఉందో కాలెండరు మీద రాయండి. బిగుతు అరగంట దాటి, వేళ్ళ కణుపుల్లో కూడా ఉంటే, అది అరుగుదల కాకపోవచ్చు. ఆ కాగితం పట్టుకుని కీళ్ళ డాక్టరును కలవండి, యాత్రకు ముందే.